అలెగ్జాండ్రియా గురించి మాట్లాడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. గ్రంథాలయ వారోత్సవాల్లో హైస్కూలు పిల్లలకు ఈజిప్టులోని పాతకాలపు అలెగ్జాండ్రియా లైబ్రరీ గురించి అరగంట మాట్లాడాలని నువ్వు రాసుకున్న కాగితాలు అందాయి. మొదటి పేజీలోనే మంటలు పెట్టేశావు! రెండో పేజీలో ఏడు లక్షల పుస్తకాలు బూడిద. మూడో పేజీలో హైపేషియా అనే గణిత పండితురాలి హత్య. ఇక ఆ లైబ్రరీలో ఎవరు కూర్చుని ఏం చేసేవాళ్లో చెప్పడానికి చోటెక్కడుంది?

ఉద్యోగమంతా బీరువాల మధ్యే చేసినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతున్నా. కాలిపోవడం గురించి తగ్గించు, పని గురించి చెప్పు.

ఓడలతో మొదలుపెట్టు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టును ఏలినవాళ్లు టాలెమీలనే గ్రీకు రాజులు. వాళ్లలో మూడోవాడు రేవుకొచ్చిన ఓడల్లో పుస్తకాల కోసం సోదా చేయించేవాడట. దొరికినవాటికి నకళ్లు రాయించి, నకలు సొంతదారుకిచ్చి, అసలు తన దగ్గర పెట్టుకునేవాడు. అప్పటి పుస్తకాలంటే చుట్టిపెట్టిన కాగితాలే కదా, అలా వచ్చిన చుట్టల మీద ‘ఓడలవి’ అని రాసేవాళ్లు. ఏథెన్స్ నుంచి ఎస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్ నాటకాల అసలు ప్రతుల్ని 15 టాలెంట్ల (అప్పటి తూకం) వెండి డిపాజిట్ కట్టి తెప్పించాడు. తర్వాత కొత్త నకళ్లు పంపించి, డిపాజిట్ మీరే ఉంచుకోండన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వుతారు చూడు. అయితే ఇవి రాసింది గేలెన్ అనే వైద్యుడు, అదీ సుమారు నాలుగు వందల ఏళ్ల తర్వాత. ‘గేలెన్ రాసినదాన్ని బట్టి’ అన్న ముక్క మాత్రం వదలకు.

చుట్టలు పోగయ్యాక అసలు తలనొప్పి మొదలవుతుంది. వెతికితే దొరకాలి కదా! కల్లిమాకస్ అనే కవి ఇక్కడ వస్తాడు. 120 చుట్టల్లో ఒక జాబితా తయారుచేశాడు, పేరు ‘పినకేస్’. రచనల్ని రకాలవారీగా విడదీసి, రచయిత పేరు, అతని గురించి నాలుగు ముక్కలు, రచన మొదటి పంక్తి, మొత్తం పంక్తులెన్నో రాశాడు. మొదటి పంక్తి ఎందుకో పిల్లల్నే అడుగు. అప్పట్లో చాలా రచనలకు ఇప్పటిలా స్థిరమైన పేరుండేది కాదు, ఒకే పేరుతో రెండు మూడు ఉండేవి. ఇంత చేసినా అతను అక్కడ ప్రధాన గ్రంథపాలకుడు అయినట్టు లేదు. ఈజిప్టులోనే ఆక్సిరింకస్ దగ్గర దొరికిన ఒక పపైరస్‌లో (రెల్లులాంటి మొక్కతో చేసిన అప్పటి కాగితం) ఆ పదవి చేసినవాళ్ల పేర్లున్నాయి, కల్లిమాకస్ పేరు లేదు. కేటలాగు ఒకరు రాయడం, కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం కొత్త సంగతేం కాదులే.

అరిస్టోఫెనీస్ కథ పిల్లలచేత వేయించు. నాటకాలు రాసిన అరిస్టోఫెనీస్ కాదు, బైజాంటియం ఊరివాడు. అలెగ్జాండ్రియాలో కవితల పోటీకి ఏడుగురు న్యాయనిర్ణేతలు. ఆరుగురు చప్పట్లు ఎక్కువ పడ్డవాళ్లకి ఓటేశారు. ఇతను మాత్రం జనానికి అందరికంటే తక్కువ నచ్చినవాణ్ణి ఎంచుకున్నాడు. అందరూ గొడవ చేస్తే, ‘కవి ఇతనొక్కడే, మిగతావాళ్లు దొంగిలించి చదివారు’ అన్నాడు. ఏ బీరువాలో ఏముందో గుర్తుంది కాబట్టి, చుట్టలు తీయించి పక్కపక్కన పెట్టి రుజువు చేశాడు. రాజు అతనికి లైబ్రరీ అప్పగించాడు. ఇది విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రాసిన కథ. కాపీ కొట్టడం గురించి పిల్లలకు వేరే క్లాసు అక్కర్లేదు.

ఎరటోస్తనీస్‌కి పది నిమిషాలివ్వు. ఇతనూ అక్కడి గ్రంథపాలకుడే. సయీన్‌లో, అంటే ఇప్పటి అస్వాన్‌లో, ఏడాదిలో అతి పొడవైన పగటి రోజు మధ్యాహ్నం నీడ పడదు. అదే వేళకు అలెగ్జాండ్రియాలో పడుతుంది. అక్కడ సూర్యకిరణాలు వాలిన కోణం వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య 5,000 స్టేడియాలు. 50తో గుణిస్తే భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు. స్టేడియా అంటే ఎన్ని మీటర్లన్న దానిమీద పండితులకు ఏకాభిప్రాయం లేదు, అందుకని ‘కచ్చితంగా కనిపెట్టేశాడు’ అనకు, లెక్క వేసిన తీరు చూపించు. హైదరాబాద్‌లో మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మధ్యాహ్నం నీడ మాయమయ్యే రోజు వస్తుంది కదా, పేపర్లో ఫొటోలు వేస్తారు. అది గుర్తుచేస్తే చాలు. వీలైతే పిల్లల్ని బయటికి తీసుకెళ్లి ఒక కర్ర పాతు.

ఇక నిప్పు సంగతి. క్రీ.పూ. 48లో రోమన్ సేనాని సీజర్ రేవులో ఓడలు తగలబెట్టించినప్పుడు పుస్తకాలు కొన్ని కాలాయి. ఎన్ని, ఎక్కడివి అన్నదానికి పాత రచయితలే తలోమాటా చెప్పారు. 40 వేలని ఒకరు, ఏడు లక్షలని ఇంకొకరు. అందుకే ఆ ఏడు లక్షలు కొట్టెయ్. పుస్తకమంటే చుట్టలని కూడా చెప్పు, హోమర్ కావ్యం ఇలియడ్ ఒక్కటే 24 భాగాలు. ఆ మంటల తర్వాత ఇరవై ఏళ్లు దాటాక స్ట్రాబో అనే భూగోళ రచయిత అక్కడికి వెళ్లి, పండితులు కలిసి భోంచేసే ఇంటితో సహా మ్యూజియాన్ని (ఇప్పటి మ్యూజియం కాదు, లైబ్రరీతో కలిసి ఉన్న పండితుల సంస్థ) వర్ణించాడు. అంటే ఒక్క రాత్రిలో అంతా పోలేదు. నన్నడిగితే అంతకుముందే, క్రీ.పూ. 145 ప్రాంతంలో, ఎనిమిదో టాలెమీ పండితుల్ని వెళ్లగొట్టడం పెద్ద దెబ్బ. హోమర్ పాఠాన్ని పంక్తి పంక్తీ పరిశీలించిన అరిస్టార్కస్ సైప్రస్‌కి పారిపోయి అక్కడే చనిపోయాడు. పపైరస్ శాశ్వతం కాదు, తిరగరాసేవాళ్లుంటేనే నిలుస్తుంది.

హైపేషియాను క్రీ.శ. 415లో మూక చంపిన మాట నిజమే కానీ, దాన్ని లైబ్రరీ దహనంతో ముడిపెట్టకు. ఖలీఫా ఒమర్ స్నానాల గదుల పొయ్యిల్లోకి పుస్తకాలు పంపించాడన్న కథ ఎవరైనా ఎత్తితే, అది ఆ కాలానికి దాదాపు ఆరు వందల ఏళ్ల తర్వాతి రాతల్లోనే కనిపిస్తుందని నెమ్మదిగా చెప్పు. టెన్షన్ పడకు, వాదనకు దిగకు. నలందా గొప్పదా, ఇది గొప్పదా అని కూడా ఎవడో అడుగుతాడు. నలందా మొదలైంది క్రీ.శ. అయిదో శతాబ్దంలో, ఇంకో దేశంలో, ఇంకో పనికి. పోటీ పెట్టొద్దు.

ఒక్క పుస్తకమైనా మిగిలిందా అని అడిగితే, ఆ లైబ్రరీదేనని చెప్పగలిగిన చుట్ట ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. కల్లిమాకస్ జాబితా కూడా ఇతరులు ఉదహరించిన ముక్కలుగానే మనకు తెలుసు. 2002లో అదే ఊళ్లో కొత్త లైబ్రరీ తెరిచారు, దాని ఫొటో ఒకటి ప్రింటు తీయించుకో.

తిరగరాశాక మళ్లీ పంపు, చూస్తాను. ఈసారి పెద్ద అక్షరాలతో పంపు.

పెదనాన్న