గ్యాస్ హీటరు పక్కన కట్టెల బాయిలర్: లైసెన్సు అక్కర్లేకపోయినా బాధ్యత తప్పదు

ప్రశ్న: శ్రీకాకుళంలో అరసవల్లి వైపు అద్దె భవనంలో చిన్న లాడ్జి నడుపుతున్నాను. వేడినీటికి కమర్షియల్ సిలిండర్లతో నడిచే గ్యాస్ హీటరు ఉంది. రథసప్తమికీ ఆదివారాలకూ వచ్చే రద్దీలో గ్యాసు ఖర్చు భరించలేక, అదే పెరట్లో కట్టెల బాయిలర్ కూడా పెట్టి రెండింటినీ ఒకే పైపులకు కలపాలనుకుంటున్నాను. దీనికి ఏ లైసెన్సూ అక్కర్లేదని అమ్మేవారు అంటున్నారు. పొగ వస్తే ఆర్డీవోకు ఫిర్యాదు చేస్తామని వెనకింటివారు అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మేవారి మాట ఒక షరతు మీద మాత్రమే నిజం. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అయినా ఒత్తిడి కింద ఆవిరిని తయారుచేసి బయటి అవసరాలకు పంపే పాత్రనే చట్టం ఇప్పటికీ బాయిలర్‌గా గుర్తిస్తుంది. 25 లీటర్ల లోపు పాత్రలు, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లోపు ఒత్తిడితో పనిచేసేవి, నీటిని 100 డిగ్రీల లోపే కాచేవి దాని పరిధిలోకి రావు. కాబట్టి మీరు కొనబోయేది పైన గాలికి తెరిచి ఉండే గొట్టంతో, మరుగు స్థాయికి రాకుండా నీరు కాచేదైతే రిజిస్ట్రేషను అవసరం లేదు.

అయితే మీరు రెండింటినీ ఒకే పైపులకు కలుపుతానంటున్నారు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది. గ్యాస్ మంటను క్షణంలో ఆపవచ్చు గానీ కట్టెల మంటను ఆపలేం. కరెంటు పోయి పంపు ఆగినా నిప్పులు చల్లారే వరకు నీరు కాగుతూనే ఉంటుంది. అందుకే ఆవిరి పోయే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఒత్తిడితో పారే హీటరు లైనుకు దీన్ని కలిపినప్పుడు నీరు పైనుంచి పొంగిపోతోందని ప్లంబరు ఆ గొట్టానికి ఒక వాల్వు బిగించాడనుకోండి, రిజిస్ట్రేషను అక్కర్లేదన్న మీ వాదన ఆ వాల్వుతోనే బలహీనపడుతుంది. పైగా వస్తువును కొన్నవారు మార్చి వాడితే అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం కోరే దావా) నిలవదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 87వ సెక్షను చెబుతోంది. బాయిలర్ నీరు వేరుగా తిరుగుతూ, రాగి చుట్ట ద్వారా కుళాయి నీటికి వేడిని మాత్రమే అందించే ఏర్పాటు చేయమని మీ ఫిట్టరును అడగండి. కొంత ఖర్చయినా ఇదే నా సలహా.

రెండు పరికరాలకూ ఒకే పొగగొట్టం పెట్టకండి. ఒకదాని విషవాయువు రెండోదాని గుండా వెనక్కి తన్ని గదుల్లోకి రావచ్చు. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది కాబట్టి లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. నిప్పు రాజే పొయ్యి సిలిండర్లున్న షెడ్డులోనే ఉండటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. మధ్య గోడ ఉండాలి, దూరం ఎంతన్నది గ్యాస్ ఏజెన్సీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. నిప్పు విషయంలో ప్రాణాపాయం కలిగేంత నిర్లక్ష్యం చూపితే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఏ ఇన్‌స్పెక్టరూ తనిఖీ చేయని పరికరం కాబట్టి జాగ్రత్త తీసుకున్నారనడానికి మీ దగ్గరి కాగితాలే సాక్ష్యం.

సిలిండర్ల లెక్క కూడా చూసుకోండి. 100 కిలోల వరకు ఎల్‌పీజీ నిల్వకు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు. 19 కిలోల సిలిండర్లు ఐదైతే 95 కిలోలు. పండగ ముందు ఆరోది తెచ్చిపెడితే పరిమితి దాటినట్టే. ఇంటి సిలిండరును లాడ్జికి వాడటం ఎలాగూ నేరమే.

పొగ సంగతికి వస్తే, వీధి జనానికంతటికీ ఇబ్బంది కలిగినప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఆర్డీవో, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు హోదాలో, దాన్ని తొలగించమని షరతులతో ఆదేశించవచ్చు. మీ వాదన వినిపించే అవకాశం మీకు ఉంటుంది. ఇబ్బంది వెనకింటికి మాత్రమే పరిమితమైతే వారు సివిల్ కోర్టులో ఇంజంక్షను (నిషేధ ఉత్తర్వు) కోరడమే సరైన దారి. తన స్థలంలోకి వచ్చే గాలిని ఇతరులు అసమంజసంగా పాడుచేయకూడదన్న హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఎప్పుడో గుర్తించింది. గొట్టాన్ని వారి కిటికీలకన్నా ఎత్తుగా లేపి, పచ్చి సరుగుడు బదులు బాగా ఎండిన కట్టె వాడితే ఈ తగాదా చాలావరకు తగ్గుతుంది.

మీరు అద్దెదారు కావడం వల్ల ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం యజమాని సమ్మతి లేకుండా శాశ్వత కట్టడం చేయకూడదు. ఇటుకల గది, పొగగొట్టం ఆ కోవలోకి వస్తాయని యజమాని వాదించే వీలుంది. భవనానికి అగ్ని బీమా ఉంటే ఈ మార్పును కంపెనీకి ముందే తెలపాలి, లేకుంటే క్లెయిము సమయంలో అదే సాకవుతుంది. యజమానికీ, బీమా కంపెనీకీ రాసే ఈ రెండు ఉత్తరాలూ స్పీడ్ పోస్టులో పంపి, యజమాని సంతకంతో సమ్మతి చేతికి వచ్చాకే బాయిలర్‌కు అడ్వాన్సు ఇవ్వండి.