తెగిన సీటుకు ప్లైవుడ్ వద్దు, మళ్లీ అల్లించండి

కోపెన్‌హాగన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కుర్చీకి ముందు అంచున తాడు తెగిందని, పైన ప్లైవుడ్ పెట్టి మేకులు కొట్టిద్దామా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు ఫొటోలో చూపించిన, వీపు దగ్గర వై ఆకారం ఉన్న కుర్చీ డెన్మార్క్ ఫర్నిచర్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన డిజైన్, 1950 నుంచి అక్కడి ఫర్నిచర్ కంపెనీ కార్ల్ హాన్సెన్ వాళ్లు చేస్తూనే ఉన్నారు. సీటు చుట్టూ ఉన్న చెక్క పట్టీలు సన్నటివి, మేకు దిగితే చీలిపోతాయి.

అది మామూలు తాడు కాదండీ, పురి పెట్టిన కాగితం. ఒక సీటుకు దాదాపు 120 మీటర్లు పడుతుంది. పేటలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి రెండు పేటలకు ముడేస్తే నిలవదు, మొత్తం విప్పి కొత్తగా అల్లాల్సిందే. అల్లే ముందు కాళ్ల జాయింట్లు ఊగుతున్నాయేమో చూసి, ఊగితే చెక్క జిగురు పెట్టి క్లాంపు బిగించండి, తర్వాత చేయి దూరదు. ముందు పట్టీ వెనకదానికంటే పొడవు కాబట్టి ఆ మూలల్లో అదనపు చుట్లు వేసి సమం చేశాకే అసలు అల్లిక మొదలవ్వాలి. ఇది తెలిసిన మనిషికే ఇవ్వండి. ఇలాంటి సీటే ఉన్న కుర్చీలు మీ దగ్గర ఇంకా ఉండి, వాటి మీద మరకలుంటే బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు.