వీలునామాలతో పుట్టిన ధర్మం

ప్రశ్న: మా పెదనాన్న 1994లో రాసిన వీలునామాలో 4 ఎకరాలు పేద పిల్లల చదువుకు విడిచిపెట్టారు. 2001లో పోయారు. తర్వాత మా మేనత్త తన ఇంటిని ‘అన్న పెట్టిన ధర్మానికే’ అని రాసి పోయింది. ట్రస్టు డీడ్ లేదు. మా ట్రస్టు ఎప్పుడు పుట్టినట్టు? ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: 2001లో, మీ పెదనాన్న పోయిన రోజున. 1994 లెక్కలోకి రాదు. బతికున్నన్నాళ్లూ ఆయన ఆ వీలునామాను మార్చుకోవచ్చు, చించేయొచ్చు. డీడ్ లేదని దిగులొద్దు, వీలునామాయే మూలపత్రం. ధర్మకర్త పేరు రాయకపోయినా ధర్మం పోదు, కోర్టు నియమిస్తుంది.

‘పేద పిల్లల చదువు’ అని తేల్చి రాయడం మేలైంది. ఉత్త ‘ధర్మానికి’ అని రాస్తే, దేనికో తేలని ఆ రాత చెల్లదని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానం) 1899లోనే చెప్పింది. మన ఊళ్లలో వీలునామాలు దెబ్బతినేది ఎక్కువగా ఈ మాట దగ్గరే. మేనత్త రాతను ‘అన్న పెట్టిన’ అన్న రెండు మాటలు కాపాడుతున్నాయి, ఆ ధర్మం మీ పెదనాన్న చెప్పిన పేద పిల్లల చదువేనని వాటితో తేలుతుంది. అయినా ఆమె వారసులందరి చేత ఒప్పుదల పత్రం రిజిస్టరు చేయించండి.

రెండు వీలునామాల్లోనూ కనీసం ఇద్దరేసి సాక్షుల సంతకాలు ఉన్నాయో లేదో చూడండి. ఒక్కరే ఉంటే అది వీలునామా కాదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ప్రొబేటూ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) అక్కర్లేదు, పాత మద్రాసు, బొంబాయి నగరాలకు, బెంగాలు వైపుకు పెట్టిన నిబంధన అది. ఎవరైనా కాదంటే మాత్రం బతికున్న సాక్షి ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. సాక్షుల జాడ ఇప్పుడే కనుక్కోండి.

ఇక భూమి. పిత్రార్జితమైతే పెదనాన్న తన వాటా మేరకే రాయగలరు. 1బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీయించి సర్వే నంబర్లు సరిచూడండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే ముందు తహసీల్దారు దగ్గర దాని సంగతి తేల్చుకోండి.

ఆ తర్వాతే డిక్లరేషన్ డీడ్, అంటే ట్రస్టు ఇప్పటికే ఉందని ప్రకటించే పత్రం. వీలునామాల్లోని మాటలు ఉన్నవున్నట్టు దించాలి. ‘చదువు’ను ‘సంక్షేమం’ చేసే హక్కు మీకు లేదు. ముగ్గురో ఐదుగురో ధర్మకర్తలు, ఖాళీ వస్తే ఎవరు నింపాలో రాయండి. పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను నమోదు దీంతోనే. నమోదయ్యాక ఏటి ఆదాయంలో 85 శాతమైనా ధర్మానికి ఖర్చుపెట్టాలి. మీ ఇంటి పిల్లలకే ఫీజులు కడితే పన్ను మినహాయింపు పోతుంది. కుటుంబ ట్రస్టులు ఎక్కువగా జారేది ఇక్కడే.

ప్రశ్న: మేము క్రైస్తవులం. మా చిన్నాన్న చనిపోవడానికి 3 నెలల ముందు అనాథ పిల్లలకు ఆస్తి రాశారు. ఏడాది ముందే రాయాలట కదా?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: దగ్గరి బంధువులున్న క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం 118వ సెక్షన్‌లో ఆ షరతు ఉండేది. 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 3 నెలలు అడ్డు కాదు.