డాక్టర్ సలహా: దురద మలాం సంగతి తర్వాత, ముందు ఆ కండ్లు తిరగడం గురించి చెప్పండి

ప్రశ్న: నాకు 22 ఏండ్లు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. బొగ్గు తెచ్చే ఓడలో ట్రైనీ సీమన్‌ను. ఇప్పుడు ఓడ విశాఖ రేవులో అన్‌లోడింగ్‌లో ఉంది. రెండు నెలలుగా గజ్జల్లో, నడుము చుట్టూ దురద. ఊర్లో మెడికల్ షాపు నుంచి అమ్మ పంపిన మలాం రాస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఇంకా పవర్ ఉన్న మలాం, నలుపు పోయే క్రీమ్ చెప్పగలరా? దురదకు రాత్రి సిట్రిజిన్ వేసుకుంటున్నా. నడుం నొప్పికి రోజూ పెయిన్ కిల్లర్, దాంతోపాటు గ్యాస్ గోలీ. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా ఈ నొప్పి? తుప్పు కొట్టిన రోజు చెవుల్లో గుయ్‌మంటుంది. మొన్న హోల్డ్‌లోకి (ఓడలో బొగ్గు నింపే పెద్ద అర) దిగే నిచ్చెన గదిలో బొగ్గు ఊడుస్తుంటే కండ్లు తిరిగాయి, బయటికి వచ్చాక సర్దుకుంది. ఓడలో చెబితే ఇంటికి పంపిస్తారేమోనని భయం. పేరు వేయొద్దు.

సమాధానం: మలాం గురించి చెబుతాను. అంతకన్నా ముందు నిచ్చెన గది. ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ, మీరు చెప్పిన వాటన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చేది అదే.

బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. కొన్ని రకాల బొగ్గు కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ కూడా వదులుతుంది. ప్రయాణంలో హోల్డ్ మూసే ఉంటుంది. రేవుకు వచ్చాక పైనున్న హ్యాచ్ మూతలు తీసి క్రేన్ గ్రాబ్‌తో తోడుతుంటే లోపలంతా గాలి ఆడుతున్నట్టే కనిపిస్తుంది. కానీ నిచ్చెన గది ఉక్కు గోడల మధ్య ఇరుకు సందు, అక్కడి గాలి అంత తొందరగా మారదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది పడిపోతే వాసన రాదు, దగ్గు రాదు, చాలాసార్లు ఊపిరి ఆడనట్టు కూడా అనిపించదు. తల తేలిపోతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, మనిషి అక్కడే కూలబడతాడు. మరీ తగ్గిన చోట రెండు మూడు శ్వాసలకే స్పృహ తప్పొచ్చు. మన దిక్కు పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి దిగినాయన పడిపోతే, ఆయన్ను తీయబోయి దిగినవాళ్లు కూడా పోవడం మీరు వినే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే.

మూతికి కట్టుకునే మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆక్సిజన్ ఇవ్వదు. దిగే ముందు ఆ గదికి గాలి పట్టించాలి. ఆక్సిజన్‌ను, విషవాయువులను చూపే మీటరుతో పైన, మధ్యన, అడుగున కొలవాలి. లోపలికి దిగేందుకు ఇచ్చే పర్మిట్ మీద సంతకం పడాలి. మూత దగ్గర వాకీటాకీతో ఒక మనిషి నిలబడాలి. కొత్తవాణ్ని కదా, ఎట్లా అడగాలని మొహమాటపడొద్దు. "మీటర్ చూశారా సార్" అని అడిగితే ఏ మంచి ఆఫీసరూ తప్పుపట్టడు. లోపల ఎవరైనా పడిపోతే అలారం కొట్టండి, మీరు మాత్రం దిగకండి. శ్వాస పరికరం పెట్టుకున్న టీమే దిగాలి. ఎండకు, నీళ్లు తాగకపోవడం వల్ల, పొద్దున ఏమీ తినకపోవడం వల్ల కూడా కండ్లు తిరగొచ్చు, కాదనను. కానీ గదిలో కండ్లు తిరిగి, బయటికి రాగానే సర్దుకుందంటే ముందు గాలినే అనుమానించాలి. ఆ రోజు నుంచి తలనొప్పి, వాంతులు, ఛాతీలో బరువు, మతి సరిగా లేనట్టు ఉండడం, వీటిలో ఏదున్నా ఈరోజే డాక్టర్‌ను కలవండి.

చెవుల గురించి క్లుప్తంగా. తుప్పు కొట్టే నీడిల్ గన్ శబ్దం నూరు డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి ఎనిమిది గంటలు తట్టుకుంటుందనుకుంటే, నూరు దగ్గర ఆ లెక్క పావుగంటకు పడిపోతుంది. అట్లా గుయ్‌మనడం చెవి లోపలి నరాల కణాలు దెబ్బతింటున్నాయనడానికి మొదటి గుర్తు. అవి చనిపోతే మళ్లీ పుట్టవు. దూది పెట్టుకుంటే సరిపోదు. చెవి లోపల ప్లగ్, పైన మఫ్, రెండూ వాడండి. శబ్దానికి దూరంగా రెండు రోజులున్నా గుయ్‌మనడం తగ్గకపోతే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోవాలి.

ఇక మలాం. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరును బట్టి ఇది తామర, అంటే చర్మానికి పట్టే ఫంగస్ కావచ్చు. అంచు ఎర్రగా, కొంచెం ఉబ్బి, పొట్టు రాలుతూ బయటికి పాకుతుంది, మధ్యలో మానినట్టు ఉంటుంది. అట్లా కాకుండా వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న పొక్కులు, రాత్రిపూట మరీ దురద, మీ క్యాబిన్‌లోని ఇంకొకరు కూడా గోక్కోవడం ఉంటే గజ్జి అనుమానించాలి. దానికి మందు వేరు, క్యాబిన్‌లో అందరికీ ఒకేసారి వాడాలి.

అమ్మ పంపిన ట్యూబ్ తీసి వెనకాల చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మోమెటాసోన్ లాంటి పేరు ఏదైనా ఉందా? ఉంటే అది స్టిరాయిడ్. దానికి ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి అమ్ముతారు. స్టిరాయిడ్ ఎరుపును, దురదను రెండు రోజుల్లో అణిచేస్తుంది, అందుకే మంచి మందు అనిపిస్తుంది. కానీ అదే స్టిరాయిడ్ ఫంగస్‌తో పోరాడాల్సిన చర్మం శక్తిని కూడా అణిచేస్తుంది. ఫంగస్ లోపల హాయిగా పెరుగుతుంది, ఆపగానే రెండింతలై బయటపడుతుంది. ఇట్లా వాడిన తామరకు అంచు చెరిగిపోయి, డాక్టర్ కూడా ఒక్క చూపులో గుర్తుపట్టలేని రూపం వస్తుంది. గజ్జల్లో చర్మం పల్చన కాబట్టి మందు ఎక్కువగా పీల్చుకుంటుంది. కొన్ని వారాలకే చర్మం పలచబడుతుంది, గర్భిణుల పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడతాయి. ఆ చారలు జీవితాంతం పోవు. స్టిరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం నిబంధన బిగించింది. అయినా మన పల్లెల్లో షాపులో "దురద మలాం" అని అడిగితే చేతికి వచ్చేది ఎక్కువగా ఇదే. అమ్మను తప్పుపట్టడం లేదు. కొడుకు దూరంలో బాధపడుతున్నాడని పంపింది. 22 ఏండ్లు వచ్చి, సేఫ్టీ కోర్సులు చదివి ఓడ ఎక్కిన మీరు, ట్యూబ్ మీద ఏం రాసి ఉందో చూడకుండా రెండు నెలలు రాయడం మాత్రం తప్పే బాబూ.

కాబట్టి ఇంకా పవర్ ఉన్నది చెప్పను. ఉన్నదాన్ని ఆపాలి. ఆపిన మొదటి వారం పది రోజులు ఎరుపు, దురద ఎగబడొచ్చు, భయపడి మళ్లీ రాయకండి. స్టిరాయిడ్ కలవని ఫంగస్ మందు డాక్టర్ రాసిస్తే, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల చర్మం మీద కూడా రాయాలి. మచ్చ కనిపించకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. మీలాగా స్టిరాయిడ్ వాడినవాళ్లకు తరచూ కడుపులోకి గోలీలు కూడా అవసరమవుతాయి, వారాల తరబడి. అందులో ఒక చిక్కుంది. ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, మీరేమో రోజూ గ్యాస్ గోలీ వేస్తున్నారు. డాక్టర్‌కు ఆ సంగతి చెప్పకపోతే ఖరీదైన మందు సగం వృథా. లివర్ జబ్బు, గుండె జబ్బు ఉంటే అదీ చెప్పాలి. తామర తగ్గాక నలుపు కొన్ని నెలల్లో దానంతటదే పలచబడుతుంది, క్రీమ్ వద్దు. వెల్లుల్లి, నిమ్మరసం రాయకండి, చర్మం కాలుతుంది.

మందు ఎంత మంచిదైనా చెమట పట్టిన బాయిలర్ సూట్ మీదే ఉంటే పని చేయదు. రేవులో గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే మెట్లు) డ్యూటీ, ఓడను కట్టిన తాళ్లు చూసుకోవడం, ఊడవడం అన్నీ అదే సూట్‌లో చేసి, విరామంలో అట్లాగే పడుకుంటున్నారని నా అనుమానం. వాచ్ (డ్యూటీ) దిగగానే స్నానం చేసి, గజ్జలు పూర్తిగా ఆరాక వదులైన నూలు బట్టలు వేసుకోండి. రెండు సూట్లు మార్చి మార్చి వాడండి. లోదుస్తులు, టవల్, బెడ్‌షీట్ 60 డిగ్రీల వేడినీళ్ల సైకిల్‌లో ఉతికి, తిరగేసి ఎండేసి, పూర్తిగా ఆరాకే వాడండి. మెస్‌లో అందరూ వాడే టవల్ ముట్టొద్దు.

సిట్రిజిన్ మత్తు కొందరికి మరుసటి పొద్దుటి దాకా ఉంటుంది. బొగ్గు దిగేకొద్దీ ఓడ పైకి లేస్తుంది, తాళ్లు బిగుసుకుంటాయి, అర్ధరాత్రి లేచి వాటిని వదులు చేయాలి. బిగిసిన తాడు తెగితే అది వెనక్కి కొట్టే దారిలో నిలబడ్డ మనిషి బతకడం కష్టం. డ్యూటీ ఉన్న రాత్రి ఆ గోలీ వద్దు. పెయిన్ కిల్లర్ కూడా, ఎండలో నీళ్లు తక్కువ తాగి రోజూ వేస్తే కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకటి చేయించండి.

ఇంటికి పంపిస్తారన్న భయంతో దాచడం వల్లే రెండు నెలలు పోయాయి. తామర వల్ల ఉద్యోగం పోవడం నాకు తెలిసి అరుదు. ఫిట్‌నెస్ తేల్చేది మాత్రం కంపెనీ, నావికుల పరీక్షకు ప్రభుత్వ అనుమతి ఉన్న డాక్టర్. ఓడ రేవులో ఉన్నప్పుడు వీలైన చోట ఆలస్యం లేకుండా డాక్టర్‌కు చూపించుకునే హక్కు మీకు అంతర్జాతీయ నావికుల కార్మిక ఒప్పందం ఇచ్చింది, భారత్ 2015లో దాన్ని ఆమోదించింది. 24 గంటల్లో 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి కూడా అందులోనిదే. మందుల పెట్టె చూసే ఆఫీసర్‌కు, చాలా ఓడల్లో సెకండ్ ఆఫీసర్‌కు, ఈరోజే చెప్పండి. రేవులో ఓడ పనులు చూసే ఏజెంట్ ద్వారా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. ట్యూబులు, గోలీల అట్టలు అన్నీ వెంట తీసుకెళ్లండి. చర్మం పొట్టు గీకి చేసే పరీక్షతో తామరా కాదా గంటలో తేలుతుంది. బొగ్గు అయిపోయి ఓడ బయల్దేరిందంటే మళ్లీ రేవు వచ్చేదాకా డాక్టర్ ఉండడు.

ఫ్లోరైడ్ గురించి అడిగారు. ఒకప్పుడు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు దెబ్బతిన్న ప్రాంతం కాబట్టి మర్రిగూడ వాళ్లకు ఆ అనుమానం రావడం సహజం. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుతాయా, గడ్డం ఛాతీకి ఆనుతుందా, చేతులు చాచి మడిచి తల వెనకాల పెట్టగలరా, చూసుకోండి. మూడూ ఇబ్బంది లేకుండా వస్తే, నొప్పికి తాళ్లు నడుముతో లాగడమే కారణం అయ్యుండొచ్చు, మోకాళ్లు వంచి లాగండి. ఏ ఒక్కటి పట్టేసినా, పళ్ల మీద పసుపు, గోధుమ చారలున్నా, సెలవుకు వచ్చినప్పుడు నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ముంజేయి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించుకోండి. కాలు తిమ్మిరెక్కడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే మాత్రం సెలవు దాకా ఆగొద్దు.