కారు కంటే ముందు బెంచి: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి తిరుపతి నుంచి మామయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. చిత్తూరులో 2008 మోడల్ మారుతి 800 కొన్నావనీ, దానితో పాటే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను, నాలుగంగుళాల గ్రైండరు తెచ్చుకున్నావనీ, ఆదివారాల్లో కారును నీ చేతులతోనే బాగుచేసుకుంటూ ఇంటికి పనికొచ్చే ఇనుప సామాన్లు కూడా చేయాలనుకుంటున్నావనీ రాశావు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. కారుతో మాత్రం మొదలుపెట్టవద్దు.

ఇటువంటి పనులకు చేతి నేర్పు ముఖ్యమని అందరూ చెబుతారు. సెట్టిపల్లె రైల్వే క్యారేజీ రిపేరు షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన నేను అంతకంటే ముందు తేల్చుకోమనేది మరొకటి ఉంది. నీవు చేసిన పని చెడితే, అది ఎక్కడ చెడుతుంది? పని చేసుకునే ఇనుప బల్ల, అంటే బెంచి, కాలి అతుకు ఊడితే నీ పెరట్లో ఊడుతుంది, మళ్ళీ అతికిస్తావు. స్టీరింగు రాడ్డుకు వేసిన అతుకు మాత్రం మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కాణిపాకం పోతున్నప్పుడు ఊడుతుంది. మొదటి రకం పనుల్లో నీ ఇష్టం వచ్చినట్టు ప్రయోగాలు చేసుకో. రెండో రకం పనుల్లో, అంటే బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను, చక్రాల హబ్బుల విషయంలో, అరిగిన భాగం తీసి కంపెనీ భాగం బిగించడమే తప్ప అతకడం, వంచడం, సొంతంగా చేసి తగిలించడం నీ పని కాదు, నా పనీ కాదు.

అందుకే మొదట బెంచి. 50×50×6 మిల్లీమీటర్ల యాంగిలు, అంటే ఎల్ ఆకారపు ఇనుప కడ్డీ, ఆరు మీటర్ల పొడవువి రెండు తెచ్చుకుంటే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బెంచికి కాళ్ళు, పై చట్రం, కింది చట్రం అన్నీ వస్తాయి. మీటరు నాలుగున్నర కిలోలు తూగే యాంగిలు కనుక మొత్తం యాభై కిలోలు దాటుతుంది. ఆ బరువు ఉండవలసిందే, ఎందుకంటే వైసులో, అంటే బల్లకు బిగించిన ఇనుప పట్టులో, బిగించిన వస్తువును సుత్తితో కొట్టినప్పుడు బెంచి కదిలిపోతే దెబ్బలో సగం వృథా అవుతుంది. ఎత్తు విషయంలో బజారులో దొరికే బెంచీలను నమ్మవద్దు. నీవు నిలబడి చేయి మడిచినప్పుడు వైసు దవడల పైఅంచు నీ మోచేతి ఎత్తుకు రావాలి. అంతకంటే తక్కువైతే ఆకురాయి పట్టిన గంటకే నడుము పట్టేస్తుంది.

చట్రం అతికేటప్పుడే నీవు వెల్డింగు గురించి అసలు నేర్చుకోవలసింది నేర్చుకుంటావు. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ ఇనుమును తన వైపు లాగుతుంది. మూలమట్టం పెట్టి సరిగ్గా తొంభై డిగ్రీలకు నిలిపిన మూల కూడా లోపలి వైపు పూర్తిగా అతికేసరికి లోపలికి ముడుచుకుంటుంది. కాబట్టి ముందు నాలుగు మూలల్లో చిన్న చుక్కల అతుకులు మాత్రమే వేసి, రెండు కర్ణాలూ టేపుతో కొలువు. రెండూ సమానంగా వచ్చేదాకా సుత్తితో సర్ది, ఆ తరువాత ఒక మూల అతికితే దాని ఎదుటి మూలకు వెళ్ళు, మళ్ళీ మిగిలిన రెంటిలో ఒకదానికి రా. ఒకే మూలను ఏకబిగిన పూర్తి చేస్తే బల్ల నాలుగు కాళ్ళ మీద కాక మూడు కాళ్ళ మీద నిలబడుతుంది. కొలవడానికి పట్టే పది నిమిషాలకు విసుగుపడేవాడికి ఈ వ్యాపకం పడదని నా అభిప్రాయం.

మిషను పెట్టే ముందు మీ ఇంటి వైరింగు ఎలక్ట్రీషియనుకు చూపించు. 2.5 మిల్లీమీటర్ల వెల్డింగు రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు చాలు కనుక ఇన్వర్టర్ మిషను 16 ఆంపియర్ల సాకెట్టు మీద నడుస్తుంది, కానీ ఆ సాకెట్టుకు మెయిను నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడి లైను, విడి ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్చు), నిజంగా పనిచేసే ఎర్తు ఉండాలి. లైటు సాకెట్టు నుంచి ఎక్స్‌టెన్షను లాగి వెల్డింగు చేయడం మన వీధుల్లో కనిపించే దృశ్యమే, అయినా చేయవద్దు. మంచి వైరుతోనే లాగినా దాన్ని చుట్టగా ఉంచక పూర్తిగా విప్పి పరచు, చుట్టలోనే వైరు వేడెక్కి పైతొడుగు కరుగుతుంది.

రాడ్డులు 6013 రకం తీసుకో. మూడు మిల్లీమీటర్ల ఇనుముకు 2.5 రాడ్డు, బెంచి యాంగిలుకు 3.15 రాడ్డు సరిపోతాయి. పెట్టె విప్పాక మూత గట్టిగా పడే డబ్బాలో దాచు. మన వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కనుక ఆ నెలల్లో గోడ మూలన పడేసిన రాడ్డు చెమ్మ పీల్చి చిటపటలాడుతుంది, అతుకులో బుడగలు పడతాయి. చెమ్మగిల్లిన వాటిని వంద డిగ్రీలకు కాస్త పైన గంటసేపు ఆరబెట్టితే మళ్ళీ పనికొస్తాయి.

బెంచికి చేయి వేసే ముందు తునక ముక్కల మీద సాధన చేయి. రెండు ముక్కలను ఇంగ్లీషు టీ అక్షరంలా నిలిపి ఒక వైపు మాత్రమే అతికి, అతుకు మీద గట్టిపడిన స్లాగు పెంకును రాల్చి, చల్లారాక వైసులో బిగించి, అతుకు తెరుచుకునే వైపుకు సుత్తితో మోదు. అతుకు పైకి ఎంత అందంగా కనబడినా నీవు దాన్ని నమ్మవద్దు, విరిగిన ముఖం చూడు. అడుగున మూల గీత చెక్కుచెదరకుండా అలాగే ఉంటే లోహం లోపలికి పోలేదని అర్థం: కరెంటు పెంచు, లేదా చేయి నెమ్మది చేయి. నల్లని చారలు కనబడితే స్లాగు లోపల చిక్కింది. సన్నని చిల్లులు కనబడితే చెమ్మో, తుప్పో, రంగో ఉన్నట్టు. మా షాపులో అతుకుల నాణ్యత చూడటానికి ఎన్ని పద్ధతులున్నా, కొత్తవాడికి విరగ్గొట్టి చూడటాన్ని మించిన గురువు లేడు.

జీఐ పైపును వెల్డింగు చేయవద్దు. దాని మీది జింకు పూత కాలి వచ్చే తెల్లని పొగ పీల్చినవాడికి ఆ రాత్రే చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. చేయక తప్పకపోతే అతుకు చుట్టూ పూతను పూర్తిగా గీకి, ఆరుబయట, గాలి నీ వీపు మీద కాక పక్కనుంచి పోయేలా కూర్చుని చేయాలి. పొగకు బెల్లం విరుగుడని వెల్డర్లు ఒక ముక్క నోట్లో వేసుకోవడం నీవు చూసి ఉంటావు. మన వైపు బెల్లానికి కొదవ లేదు, తినవచ్చు, రుచిగా ఉంటుంది. అది కడుపులోకి పోతుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముఖానికి పదో నంబరు అద్దమున్న హెల్మెట్టు, ఒంటికి నిండు చేతుల నూలు చొక్కా, కాళ్ళకు తోలు బూట్లు ఉండాలి. లుంగీ, నైలాను టీషర్టు, హవాయి చెప్పులు పనికిరావు.

వెల్డింగు కంటే నేను భయపడేది గ్రైండరుకు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే యంత్రానికి గార్డు ఊడదీసి వాడటం మన దగ్గర పనితనానికి గుర్తుగా చలామణీ అవుతోంది, అది ఒట్టి మూర్ఖత్వం. చక్రం నడిమి ఇనుప రింగు మీద ఆఖరి తేదీ ముద్రించి ఉంటుంది, కొనేటప్పుడు చూడు, ఎందుకంటే దాన్ని పట్టి ఉంచే బంక కాలంతో పెళుసుబారుతుంది. కటింగు చక్రాన్ని పక్కకు వాల్చి అరగదీయవద్దు. కర్ర కోసే పళ్ళ బ్లేడును గ్రైండరుకు తగిలించే ఆలోచనే రానీయవద్దు.

ఇంట్లో చేసుకోదగిన వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది లారీ పాత కమాను పట్టీతో చేసే ఉలి. గుజరీలో తూకానికి దొరుకుతుంది, మంచి ఉక్కు. ఎర్రగా కాల్చి ఆకారం తెచ్చాక, అంచు అయస్కాంతానికి అంటుకోని వేడికి వచ్చినప్పుడు నూనెలో ముంచాలి. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది కనుక మెరుగు పెట్టి, లేత గడ్డి రంగు తేలేదాకా మళ్ళీ సన్నగా వేడిచేసి వదిలేయాలి. మీ వైపు పల్లెలో కొలిమి నడిపే కమ్మరి ఎవరైనా మిగిలి ఉంటే ఒక పూట పక్కన కూర్చుని చూడు, ఆ రంగు కాగితం మీద రాస్తే తెలిసేది కాదు. బేరింగులు నొక్కడానికి బాటిల్ జాకీతో ప్రెస్సు చేసుకోవచ్చు. ఇంజను ఎత్తే క్రేను మాత్రం చేసుకోవద్దు, అద్దెకు తెచ్చుకో.

ఇక కారు. దాన్ని ఎత్తవలసి వచ్చినప్పుడు గట్టి సిమెంటు నేల మీద, చక్రాలకు ముందు వెనకా అడ్డు పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండ్ల మీదికి దించు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. హాలో బ్రిక్కుల మీద ఎప్పుడూ ఆపవద్దు, అవి పగిలే ముందు ఏ సూచనా ఇవ్వవు. స్టాండ్ల మీద కూర్చున్నాక కారును రెండు చేతులతో గట్టిగా ఊపి చూడు, ఊగి పడేదైతే నీవు కింద లేనప్పుడే పడాలి.

ఆయిలు, ఫిల్టర్లు, బ్యాటరీ, బెల్టుల వంటివి పుస్తకం చూసి నీవే చేసుకోగలవు, వాటి గురించి రాయను. ప్లగ్గుల విషయంలో ఒక్క మాట: ఆ 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను హెడ్డు అల్యూమినియంది. ప్లగ్గులు ఇంజను పూర్తిగా చల్లారాకే విప్పు, బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిరగాలి. పానాతో మొదలుపెట్టి మరచుట్లు కోసుకుపోతే ఆదివారం పని నెల పని అవుతుంది. రేడియేటరులో బోరు నీళ్ళు పోయవద్దు, మన బోరు నీళ్ళలోని ఉప్పు లోపల పొరగా పేరుకుని, మే నెల ఎండలో కొండ ఎక్కేటప్పుడు ఇంజను ఉడికిపోతుంది. డిస్టిల్డ్ వాటరులో కూలెంటు సగం సగం కలిపి పోయి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత జోలికి పోవద్దు.

బ్రేకు ఆయిలు మార్చడం నేర్చుకో, అది మన ప్రాంతపు బండికి ప్రాణం. ఆ ఆయిలు గాలిలోని తేమను మెల్లగా తాగుతుంది. డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు, తేమ తాగినదైతే 140 డిగ్రీలకే మరగవచ్చు. తిరుమల నుంచి దిగేటప్పుడు మనం వాడే 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ పెడల్ తొక్కుతూ వస్తే ఆ వేడి చక్రాల దగ్గర సులువుగా పుడుతుంది. ఆయిలు మరిగి ఆవిరైతే పెడల్ నేలకు ఆనుతుంది, బ్రేకు పడదు. రెండేళ్ళకొకసారి మార్చి, గాలి పోయేదాకా బ్లీడింగు చేసి, దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను పట్టు మీద దిగు. మొదటిసారి ఆ పని నీవు చేసినా, తెలిసిన మెకానిక్కు చేత తనిఖీ చేయించి, చదును రోడ్డు మీద తిప్పి చూశాకే కొండకు తీసుకెళ్ళు.

కింది రేకు తుప్పు పట్టిందని రాశావు. ఆ రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, నీ రాడ్డు తాకగానే చిల్లు పడుతుంది. దానికి సన్నని తీగతో నడిచే మిగ్ మిషను కావాలి. మిషను ఉన్నవాడి చేత చేయించుకున్నా బ్యాటరీ తీగలు విప్పించు, ఎందుకంటే ఆ కారు ఇంజనుకు పెట్రోలు అందించే ఎంపీఎఫ్ఐ పద్ధతి కంప్యూటరుతో నడుస్తుంది, వెల్డింగు కరెంటు దాన్ని చెడగొట్టవచ్చు. లోపలి మ్యాట్లు, వైర్లు తీయించు. పెట్రోలు గొట్టం ఎటు పోతుందో చూపించు. పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడితే అతికించవద్దు, కొత్తది కొను. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

కారు ముందు భాగానికి ఇనుప గార్డు చేసి బిగిస్తానన్న ఆలోచన మానుకో. అటువంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పైగా ఆ గార్డు గుద్దుకున్న దెబ్బను నలిగి తీసుకోవలసిన ముందు భాగాన్ని తప్పించి నేరుగా చాసిస్ మీదికి పంపుతుంది. నీ కారు ఆర్‌సీ పదిహేనేళ్ళు 2023లో నిండి ఉంటాయి, అయిదేళ్ళకు పొడిగించి ఉంటే 2028లో మళ్ళీ ఆర్‌టీఓ తనిఖీకి నిలబెట్టాలి. కాగితాలు తీసి చూడు.

వచ్చే నెల మీ అమ్మ ఇక్కడికి వచ్చేటప్పుడు నీవు విరగ్గొట్టిన సాధన ముక్కలు ఆమె సంచిలో వేసి పంపు. విరిగిన ముఖాలను రుద్దవద్దు, నూనె పూయవద్దు, పొడి కాగితంలో చుట్టి ఒక్కొక్కదాని మీద ఎన్ని ఆంపియర్లతో అతికావో సుద్దతో రాయి. వాటిని చూసి బెంచి ఎప్పుడు మొదలుపెట్టవచ్చో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య