మగ్గం గుంటలో దిగేముందు లెక్క రాసుకోండి

ప్రశ్న: మాది యాదాద్రి భువనగిరి జిల్లా. ఇంటర్ పూర్తయింది. నాన్నకు 56 ఏళ్లు, ఇక్కత్ పట్టుచీరలు నేస్తారు. మా వాడలో మగ్గం మీద కూర్చునేవాళ్లంతా నలభై దాటినవాళ్లే. నాకు ఈ పని ఇష్టం. ఇంట్లో మాత్రం బీకాంలో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: కూలి నేతకైతే, అంటే షావుకారు (చీరలు నేయించుకునే వ్యాపారి) ఇచ్చిన పట్టును మజూరీకి నేసి ఇవ్వడానికైతే, వద్దు. అద్దకం, డిజైను, పట్టు కొనుగోలు... వీటిలో కనీసం ఒకటైనా మీ చేతిలోకి వచ్చేట్టుంటే మాత్రం గట్టిగా ఆలోచించండి.

దేశంలో చేనేత, అనుబంధ కార్మికులు 1995 గణనలో 65.5 లక్షలు, 2019-20 గణన నాటికి 35.22 లక్షలు. ఆ రెండో గణనలోనే దాదాపు మూడింట రెండొంతుల కుటుంబాల నెల ఆదాయం 5 వేల రూపాయల లోపేనని తేలింది. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదనడం తేలిక. ఆ ఆదాయం చూశాక అలా అనడం అన్యాయం.

కూలి ఎందుకు గిట్టదంటే, షావుకారు ఇచ్చే మజూరీ ఒకరి పేరున ఉంటుంది, పని ముగ్గురు చేస్తారు. ఆసు పోయడం (పేకను, అంటే అడ్డపోగును, మేకుల చుట్టూ తిప్పి పరచడం), చిటికి కట్టడం (రంగు ఎక్కకూడని చోట పోగులకు కట్లు వేయడం), రంగు వేయడం, కండెలు (పేక పోగు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం, అచ్చు అతకడం (కొత్త నిలువు పోగులను మగ్గం మీది పాత పోగులకు కలపడం) అన్నీ నేతకు ముందే అయిపోవాలి. చాలామంది నేసిన రోజులను మాత్రమే లెక్కేసి ‘రోజుకింత పడుతోంది’ అనుకుంటారు. మీరు ఈ సెలవుల్లో ఒక పడుగుకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు పోగులకు) పూర్తి లెక్క రాయండి. పట్టు ఇంటికొచ్చిన రోజు, ఆఖరి చీర కోసిన రోజు, మధ్యలో అమ్మ గంటలు, నాన్న గంటలు, మీ గంటలు, మగ్గం ఖాళీగా ఉన్న రోజులు అన్నీ అందులో ఉండాలి. మొత్తం మజూరీని మొత్తం గంటలతో భాగించండి. మీ ఊళ్లో మామూలు కూలికంటే అది తక్కువ తేలితే, మీరు కూడా అదే మగ్గం మీద కూర్చున్నంత మాత్రాన ఏమీ మారదు.

మారేది పద్ధతి మారినప్పుడే. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. చేనేత కుటుంబం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం 1999లో పూర్తి చేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ పనిని గంటన్నరకు తెచ్చింది. మీ ఇంట్లో ఇంకా చేత్తోనే పోస్తుంటే ముందు దాని సంగతి చూడండి.

నాన్న దగ్గర త్వరగా పట్టుకోవాల్సింది చిటికి. రబ్బరు పట్టీ వదులైతే రంగు కట్టు కిందికి పాకి పువ్వు అంచు మసకబారుతుంది. మరీ బిగిస్తే విప్పేటప్పుడు బ్లేడు పోగుకు తగులుతుంది. ఎంత బిగించాలన్నది ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆయన పక్కన కూర్చుని కట్టి, ఆయన చేత విప్పించుకుంటేనే వస్తుంది. నేతలో పేక బిగువు మారినా పువ్వు మెట్లుమెట్లుగా జరిగిపోతుంది. అలాంటి చీర తిరిగొస్తే కోత మీ మజూరీలోనే పడుతుంది.

చదువు సంగతి. చేనేత, టెక్స్‌టైల్ టెక్నాలజీలో మూడేళ్ల డిప్లొమా పదో తరగతి అర్హతతోనే ఉంది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట, హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట సంస్థలున్నాయి. వయోపరిమితి ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్ చూసుకోండి. అక్కడ రంగుల రసాయనం, కంప్యూటర్ డిజైను నేర్పుతారు. రంగు పోతుందో లేదో పరీక్షించడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. పది సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ముక్కను తెల్ల గుడ్డతో కలిపి కుట్టి సబ్బునీళ్లలో ఉతకండి. తెల్ల గుడ్డకు ఎంత రంగు అంటిందో చూడండి. ల్యాబులో దీన్నే 1 నుంచి 5 వరకు గ్రేడు చేస్తారు, 4కు తగ్గితే కొనేవాళ్లు పేచీ పెడతారు.

బీకాం అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యగా చేయండి. ఖరీదు కట్టడం రాక నష్టపోయే నేతగాళ్లు చాలామంది. ఉదాహరణకు కిలో ముడిపట్టులో పావు వంతు వరకు జిగురే. ఉడికించాక చేతికొచ్చేది 750 గ్రాములకు అటూఇటూ. కిలో వస్తుందనుకుని ధర చెప్పారంటే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

నాన్నకు షావుకారు దగ్గర అడ్వాన్సు ఉందేమో కూడా అడగండి. అది తీరేదాకా చీర ఆ షావుకారుకే ఇవ్వాల్సి ఉంటుంది. కాబట్టి సొంత నేత మొదలుపెట్టే తేదీని ఆ బాకీని బట్టి పెట్టుకోండి.