రేడియోలో వినిపించిన పాట పాడ్‌కాస్ట్‌లో ఎందుకు తెగిపోతోంది?

మీ యాప్‌లో తప్పేం లేదండీ, టెన్షన్ పడకండి. పాటలు కొన్ని సెకన్లకే ఆగిపోవడానికి కారణం హక్కులు. ప్రసారానికైతే పబ్లిక్ రేడియోలు సాధారణంగా హక్కుల సంఘాలతో (పాటల హక్కుదారుల తరఫున అనుమతులిచ్చే సంస్థలతో) మొత్తానికి కలిపి ఒకే ఒప్పందం చేసుకుంటాయి. పాడ్‌కాస్ట్ ఫైలు మీ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ అవుతుంది, అంటే అది కాపీ కింద లెక్క. దానికి పాట హక్కుదారులూ, రికార్డింగ్ కంపెనీ కూడా విడిగా ఒప్పుకోవాలి. ఆ బేరం ఖరీదైనది, అందుకే కత్తిరించేస్తారు. 2004లో బీబీసీ పాడ్‌కాస్ట్ ప్రయోగానికి తీసుకున్నది కూడా మాటల కార్యక్రమమే!

అదే ఎపిసోడ్‌ను ఆ రేడియో సంస్థ సొంత యాప్‌లో స్ట్రీమింగ్‌గా (డౌన్‌లోడ్ చేయకుండా నేరుగా వినేలా) వెతకండి. చాలాసార్లు పూర్తిగా దొరుకుతుంది. కాకపోతే త్వరగా వినేయండి, బ్రిటన్‌లో వాడే బీబీసీ ఆడియో యాప్ బీబీసీ సౌండ్స్‌లో చాలా వాటికి గడువు దాదాపు 30 రోజులే.